గోడమేకుకు వేలాడే బిళ్ల

కొవ్వాడ అణువిద్యుత్కేంద్రం ప్రస్తావన వచ్చినప్పుడల్లా మా కోటబొమ్మాళి టీకొట్టు వద్ద రేడియేషన్ గురించి ఘనమైన చర్చ సాగుతుంది. సాగవలసినదే. అయితే ఆ చర్చించేవారిలో నాతో కలిపి నలుగురి గుండెల్లో స్టెంట్లున్నాయి. అవి వేసిననాడు తన వీపులోంచి ఎంత రేడియేషన్ పోయిందో ఒక్కరికీ తెలియదు. ఇంకా కట్టని రియాక్టరును గురించి ఇంత భయం, ఒంట్లోకి వచ్చిపోయిన కిరణాన్ని గురించి ఇంత మౌనమా!

నా సంగతే మనవి చేస్తాను. నిరుడు ఒక ఆసుపత్రిలో (పేరు అనవసరం) నాకు స్టెంటు వేశారు. ఇంటికి పంపుతూ ఇచ్చిన కాగితాల్లో స్టెంటు స్టిక్కరుంది, మందుల పట్టిక ఉంది, ఉప్పు తగ్గించమన్న హితవుంది. రేడియేషన్ డోసు లేదు. అడిగితే, "అది మీకెందుకు మాస్టారూ?" అని నవ్వాడు టెక్నీషియను. నా శిష్యుల ఈడువాడు. అతని ఛాతీమీద ఉండవలసిన టి.ఎల్.డి. బ్యాడ్జి గోడమేకుకు వేలాడుతోంది. ఆ బిళ్ల పరీక్షకు వెళ్లి, గోడ క్షేమమని నివేదిక తెస్తుంది కాబోలు! సిబ్బందికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించరాదని అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దును ఆ గోడ కాపాడుతుందా?

నాకెందుకో చెబుతాను. ఈ చికిత్సలో ఎక్స్‌రే గొట్టం సాధారణంగా బల్ల కింద ఉంటుంది. కిరణం వీపున ప్రవేశిస్తుంది. చికిత్స జటిలమై చర్మానికి తగిలిన మోతాదు కొన్ని గ్రేలు దాటితే, పుండు ఆనాడు కనబడదు, వారాల తరువాత తేలుతుంది. అప్పటికి రోగి ఊళ్లో ఉంటాడు. ఆర్.ఎం.పి. గారు తామర అనుకుని లేపనం ఇస్తారు. ఆయన తప్పేముంది? కాగితంలో అంకె లేదు కదా!

యంత్రానికి ఆ అంకె తెలుసు. ఈనాటి యంత్రాలు దానిని తెరమీదనే చూపుతాయి. రాయడానికి అర నిమిషం చాలు. పెడలు మీద పాదం అవసరమైనంతసేపే ఉంచడం, కిరణాన్ని చూడవలసిన మేరకే కుదించడం, చిత్రగ్రాహకాన్ని ఛాతీకి దగ్గరగా దించడం, ఇవన్నీ ఖర్చులేని పనులు. పైగా సిబ్బందికి తగిలేది ప్రధానంగా రోగి ఒంటినుంచి చెదిరిన కిరణమే; రోగికి తగ్గితే వారికీ తగ్గుతుంది. శుక్లాల భయంతోనే 2011లో అంతర్జాతీయ సంఘం కంటి కటకానికి ఏడాది హద్దును 150 నుంచి, ఐదేళ్ల సగటున 20కి దించమన్నది.

అంకె చెబితే రోగులు బెదిరి స్టెంటే వద్దంటారని కొందరి వాదన. మందుచీటీలో మిల్లీగ్రాములకు బెదరనివాడు గ్రేలకు బెదురుతాడా? స్టెంటు వద్దని నేననను. అది వేయబట్టే ఈ టపా రాయగలుగుతున్నాను.

వచ్చే నెల పరీక్షకు వెళ్లినప్పుడు ఆ అంకె రాసిమ్మని తెలుగులో అర్జీ పట్టుకువెళుతున్నాను. ఆ కుర్రవాడికి ఒక పిన్నీసు కూడా.