చూచి వచ్చితిమా, చుట్టి వచ్చితిమా?

గత శీతకాలమున మా మాధవరమునుండి మేము పదునలుగురము, అందరము ఉద్యోగవిరమణ పొందినవారమే, అండమాను దీవులకు పోయి బారెన్ దీవియను అగ్నిపర్వతమును విహారనౌకనుండి దర్శించితిమి. వచ్చిన నాటినుండి "చూచి వచ్చితిమి" అని కనబడిన వారికెల్ల చెప్పుచున్నాము. ఆ మాటను వెనుకకు తీసికొనుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట ఆ పర్వతమునకు న్యాయము చేయవలెను. భారతదేశమున నేటికిని రగులుచున్న అగ్నిపర్వతము అదియొక్కటే. పోర్ట్ బ్లెయిరునకు, అనగా 2024 నుండి శ్రీ విజయపురమని పిలువబడుచున్న పట్టణమునకు, ఈశాన్యమున సుమారు 140 కిలోమీటర్ల దూరమున సముద్రమధ్యమున నున్నది. దీవి వెడల్పు మూడు కిలోమీటర్లు మాత్రమే. మనకు కన్పట్టునది కొన. మొదలు సముద్రములో రెండు కిలోమీటర్లకు పైగా దిగియున్నది. మన దేశము నిలిచిన భూఫలకము బర్మా ఫలకము క్రిందికి దిగుచుండుటయే ఆ మంటకు మూలము. 1787లో అది రగిలినట్లు వ్రాతలు కలవు. పిదప నూరేండ్లకు మించి నిదురించి 1991లో మేల్కొన్నది. 2005లోను, 2017లోను, మరల 2025 సెప్టెంబరులోను నిప్పు చూపినది.

ఇందులో ఒక్క ముక్కయైనను ఓడలో మా చెవిని పడలేదు. ఇవి యన్నియు ఇల్లు చేరిన పిదప చదివి తెలిసికొన్నవి. ఓడలో మా చెవిని పడినది సినిమా పాట; మా చేతికి వచ్చినది ఉపాహారపు పళ్లెము. రాత్రి యెక్కి తెల్లవారునప్పటికి దీవిని చేరితిమి. నల్లని కొండ, కొనపై సన్నని పొగ. ఓడ దానిని చుట్టివచ్చుచుండగా జనమెల్ల కొండకు వీపు చూపి తమ ముఖములను ఫోనులలో పట్టుకొనిరి. ఇతరులను నిందింప నేల? మేమును పట్టుకొంటిమి.

దీవిపై కాలు పెట్టనీయలేదని మా ఫిర్యాదు కాదు. అచ్చట దిగుట నిషిద్ధము. ఆ నిషేధము మంచిదే. మోకాళ్లు సహకరింపని మావంటి వృద్ధులకు ఓడ ఉపకారమే చేసినది. మా వివాదము ఓడతో కాదు. "ఓడ యెక్కితిమి గావున ఊరు చూచితిమి" అను బుద్ధితో.

ఇటలీ దేశమున స్ట్రాంబోలి యను అగ్నిపర్వతద్వీపము కలదు. రెండువేల యేండ్లకు పైగా ఎగసిపడుచున్న ఆ నిప్పును రాత్రివేళ ఓడపైనుండి చూచుటకు ఎందరో పోవుచుందురు. ఆ కొండ పాదమున కొన్ని వందలమంది కాపురముండు పల్లెయున్నది. పైనున్న నిప్పురవ్వను చూచినవారిలో క్రిందనున్న దీపమును చూచినవారెందరు? ఆ దేశముననే వెనిస్ నగరము పెద్ద విహారనౌకలను తన నడిబొడ్డునుండి 2021లో వెలివేసినది. అతిథి ముఖము చూడని అతిథులతో విసిగిన ఊరు మఱి యేమి చేయును?

బారెన్ దీవిలో మనుష్యులు లేరు గదా, మేమెవరిని చూడక వచ్చితిమని అడుగవచ్చును. తిరుగు ప్రయాణమున మాకు టీ అందించిన కుఱ్ఱవాడు మా మాటలు విని నిలిచెను. "మీరు తెలుగోలేనేటండి?" అనెను. వాని తాత శ్రీకాకుళపు సముద్రతీరమునుండి వలలతో వచ్చినవాడట. వీడు పోర్ట్ బ్లెయిరులోనే పుట్టినవాడు. "మా ఊర్లో ఏటేటి సూసినారు తాతగారూ?" అని యడిగెను. విమానాశ్రయమును, హోటలును, బస్సు కిటికీలోనుండి సెల్యులార్ జైలు గోడను చూచితిమని చెప్పితిమి. వాడు నవ్వి, "అయితే మావోళ్లని ఎవుల్నీ సూడనేదన్నమాట" అనెను. ఆ నవ్వు ఇప్పటికిని మమ్ము గ్రుచ్చుచున్నది.

2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో నూటికి పదుముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. మేము కిటికీలోనుండి చూచిన ఆ గోడల వెనుకనే కాకినాడ బాంబు కేసు ఖైదీ ప్రతివాది భయంకరాచారి శిక్ష ననుభవించెను. ఇవేవియు అడుగక, పొగను మాత్రము చూచి వచ్చితిమి.

1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరెను. ఆయన సుప్రీంకోర్టులో దుబాసీ; అనగా మావలె కాగితముల మధ్య జీవించినవాడే. ఆయన తొలి మజిలీలలో మా మాధవరము పేరున్నది. పల్లకిలో పోయినను కన్నులు మూసికొని పోలేదు. ఏ యూర ఏ నీరు, ఏ భాష, ఏ ఆచారము, ఏ వస్తువు దొరకును, దొరకదు అని మజిలీ మజిలీకి వ్రాసెను. పదునైదు నెలల ఆ యాత్ర నేటికిని గ్రంథమై నిలిచియున్నది. మా యాత్రకు మిగిలినవి నాలుగువందల ఫొటోలు. అన్నిటిలోను మేమే యున్నాము.

ఇక మా గుండెకు తగిలిన మాట చెప్పెదము. 2018 నుండి ఆంధ్ర, తెలంగాణములకు పోవు బస్సులు మా మాధవరమునందే ఆగుచున్నవి. దినదినము వేలకొలది తెలుగువారు ఇచ్చట దిగి, పట్టుచీరలకో ఆసుపత్రికో పరుగెత్తుదురు. ఇచ్చట తరతరములుగా తెలుగువారున్నారనియు, మా మనుమలకు తెలుగు అక్షరములు నేర్పుటకు తంటాలు పడుచున్నామనియు ఒక్కరును అడుగరు. "మమ్ము చూడక పోవుచున్నారే" అని ప్రతి సంవత్సరము సభలలో వాపోవువారము మేమే. అట్టి మేము ఆ దీవికి పోయి చేసినదేమి? మాకు జరుగుచున్న అన్యాయమునే మఱియొకరికి చేసి, దానికి టిక్కెట్టు కొని వచ్చితిమి.

కావున యాత్రలు నడుపు సంఘములవారికి మా విన్నపము. అగ్నిపర్వతమును చూపుడు, వలదనము. కాని ఓడ యెక్కుటకు ముందు దాని కథ చెప్పగలవానిచే ఒక గంట చెప్పింపుడు. ఊరిలో రెండు దినములు అదనముగా నుంచి, అచ్చటి తెలుగువారి యింట ఒక పూట కూర్చుండబెట్టుడు. తిరిగివచ్చిన ప్రతివాడును రెండు పుటలు వ్రాసి సంఘమున కీయవలెనని నియమింపుడు. ఖర్చు కొంత హెచ్చును. ఫొటోలు కొన్ని తగ్గును. నష్టమేమియు లేదు.

మావరకు మేము ఆ రెండు పుటలు ఆలస్యముగా ఇచ్చుచున్నాము. అవియే ఇవి. వచ్చే సంవత్సరము మోకాళ్లు అనుమతించినచో మరల పోయెదము. ఈ మాఱు ముందుగా ఆ కుఱ్ఱవాని యిల్లు. ఆపైన వీలున్నచో కొండ.