చైనా వేరు, మన కార్జం

రెండు నెలలుగా మన చాళ్లలో ఒక మెసేజీ ఫోన్ల మీద తిరుగుతున్నది. చైనా మూలికలతో లివర్ క్యాన్సర్ పోతుందట, ఆపరేషన్ అక్కర్లేదట. దాని వెనుకే పొడి పొట్లాలు కూడా వచ్చినయి. మిల్లు దవాఖానాలో కాంపౌండరుగా నన్ను ఎరిగిన ఒక చెల్లె వచ్చి అడిగింది: “అన్నా, మీ బావ దవాఖానా మాత్రలు బంద్ చేసి ఇదే తాగుతా అంటున్నడు. తాగనియ్యాలా?”

వద్దమ్మా అని అప్పుడే చెప్పిన. ఎందుకు వద్దో ఇక్కడ రాస్తున్న.

ఆ మెసేజీలో కొంత నిజముంది. ఎపిమీడియం అనే మొక్కను చైనా వైద్యులు ఎన్నో వందల ఏండ్ల నుంచి వాడుతున్నారు. దాన్నుంచి వచ్చే ఐకారిటిన్ అనే పదార్థాన్ని క్యాప్సూల్‌గా చేసి రోగుల మీద పరీక్షించారు. 2022 జనవరిలో చైనా ప్రభుత్వం లివర్ క్యాన్సర్‌కు దాన్ని షరతులతో ఒప్పుకున్నది. అందరికీ కాదు. రోగం ముదిరి ఆపరేషన్‌కు అందనివాళ్లు, మామూలు మందులు పడనివాళ్లు, అందులోనూ రక్తపరీక్షలో కొన్ని గుర్తులు కనబడ్డవాళ్లకే. పరీక్షలో దాన్ని పోల్చింది కప్ప చర్మంతో చేసే ఇంకో చైనా మందుతో, లోకమంతా వాడే మందులతో కాదు. ఆయుష్షు కొన్ని నెలలు పెరిగింది. రోగం పోలేదు.

ఇక బెర్బెరిన్. చైనావాళ్ల హువాంగ్‌లియాన్ వేరులో, మన మానుపసుపులో ఉండే పచ్చటి చేదు పదార్థం. గాజు గిన్నెలో పెట్టిన క్యాన్సర్ కణాలను అది చంపింది. పసుపులోని కర్క్యుమిన్ కూడా చంపింది. గిన్నెలో కణాలు బ్లీచింగ్ పౌడరుకూ చస్తయి! మనం మింగితే ఈ రెండూ రక్తంలోకి చేరేది చాలా కొంచెం. దూది బేలు ఒంటికి చుట్టుకుంటే చొక్కా అవుతదా? వేరుకూ మందుకూ మధ్య అంత పని ఉంటది.

నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే సంగతి. అదే చైనా వైద్యంలో అరిస్టొలోకియా జాతి మొక్కలు కూడా వాడేవాళ్లు. వాటిలోని ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. తైవాన్‌లో 98 మంది లివర్ క్యాన్సర్ గడ్డలను పరీక్షిస్తే 78 శాతంలో ఆ ఆమ్లం చేసిన గాటు జన్యువుల్లో కనబడిందని 2017లో అచ్చయింది. ఈ జాతి మనకు కొత్తది కాదు. పాము కాటుకు, తేలు కాటుకు పెద్దలు అరగదీసి ఇచ్చే ఈశ్వరి వేరు, గాడిదగడపాకు రెండూ ఆ కుటుంబానివే. పేరు లేని పొట్లంలో ఏ వేరు ఉందో అమ్మేవాడికే తెలియదు.

పైగా తిన్న మందును విరగ్గొట్టే పని కార్జానిదే. అది జబ్బుపడ్డప్పుడు ఇంకో పది వేర్ల బరువు దాని మీద పెడితే ఎట్ల?

బావ మాత్రలు ఎందుకు ఆపుతా అంటున్నడో చెల్లెను మెల్లగా అడిగితే తెలిసింది: అరచేతులు, అరికాళ్లు మండి పొక్కులు లేస్తున్నయి, మగ్గం దగ్గర నిలబడలేకపోతున్నడు. సోరాఫెనిబ్ మాత్రతో ఇది చాలామందికి వస్తది. డాక్టరుకు చెబితే మోతాదు తగ్గిస్తారు, కొన్ని రోజులు ఆపి మళ్లీ మొదలుపెడతారు. చెప్పకుండా మనంతట మనం ఆపితే గడ్డకు తోవ ఇచ్చినట్టే.

ఇంట్లో ఒకరికి హెపటైటిస్ బి ఉందని తేలితే మిగతావాళ్లంతా రక్తపరీక్ష చేయించుకోండి. లివర్ క్యాన్సర్‌కు పెద్ద కారణాల్లో అదొకటి. పుట్టిన బిడ్డకు 24 గంటల లోపు దాని టీకా పడాలి, సర్కారు దవాఖానాలో ఉచితమే. సారా సంగతి మగవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

కషాయం తాగుతున్నవాళ్లు డాక్టరు తిడతాడని దాచకండి. పొట్లం మీద పేరు లేకపోతే ఆ పొట్లాన్నే చేతపట్టుకొని పొండి.