గ్రేట్ నికోబార్ తీరం: లెక్కకు రాని పొద

గ్రేట్ నికోబార్ దీవిలోని గలాథియా అఖాతం వద్ద తలపెట్టిన అంతర్జాతీయ నౌకాశ్రయంపై చర్చ వచ్చినప్పుడల్లా రెండు ప్రాణుల పేర్లు వినిపిస్తాయి. ఒకటి ఇసుకలో గుడ్లు పెట్టేందుకు వచ్చే లెదర్‌బ్యాక్ తాబేలు, రెండవది నికోబార్ మెగాపోడ్ పక్షి. ఆ తీరపు అంచున ఇసుకను పట్టి నిలిపే పొద ప్రస్తావన మాత్రం అరుదు. శాస్త్రీయంగా దాని పేరు స్కేవోలా టక్కాడా. హవాయి ప్రజలు పిలిచే నౌపాక అన్న పేరు ఎక్కువ వాడుకలో ఉంది.

ఇతర మొక్కలు ఉప్పుగాలికి మాడిపోయే చోట, అలల గీతకు వెనువెంటనే ఇది గుబురుగా పెరుగుతుంది. దళసరి ఆకులు, సగానికి చించినట్లు ఒకే పక్కకు విచ్చుకునే రేకులు, బఠాణీ గింజను పోలిన తెల్లని పండ్లు దీని గుర్తులు. గుజ్జును పక్షులు తిని గింజను దూరానికి చేరుస్తాయి. గింజ చుట్టూ ఉండే బెండు వంటి పొర దానిని సముద్రంపై నెలల తరబడి తేలనిస్తుంది. దక్షిణ జపాన్ దీవులలో పరిశోధకులు ఈ మొక్కలోనే రెండు రకాలను గుర్తించారు. ఇసుక తీరాలలో బెండు కలిగిన పండ్లవి ఎక్కువ. రాతి కొండచరియలపై గుజ్జు మాత్రమే ఉండి నీట మునిగే పండ్లవి ఎక్కువ. సముద్రం మోసే చోట సముద్రాన్ని, పక్షి మోసే చోట పక్షిని నమ్ముకున్నదన్నమాట.

కొట్టుకువచ్చిన ఇసుక ఈ గుబురులో చిక్కుకొని దిబ్బగా ఎదుగుతుంది. దాని చాటున తీరపు అడవి నిలుస్తుంది. మెగాపోడ్ ఇసుకను, ఎండుటాకులను కాళ్లతో పోగుచేసి గుట్ట కట్టేది ఆ అడవిలోనే. అది గుడ్లపై పొదగదు. కుళ్లే ఆకుల వేడే ఆ పని చేస్తుంది. 2004 సునామీలో దీవి దక్షిణపు కొన, ఇందిరా పాయింట్, నాలుగు మీటర్లకు పైగా కుంగింది. తీరపు అడవి నాశనమై మెగాపోడ్‌ల సంఖ్య దారుణంగా పడిపోయింది. ఇసుక మళ్లీ చేరిన తరువాత తాబేళ్లు గలాథియాకు తిరిగి వచ్చాయి.

ఇంతలో ప్రభుత్వ నిర్ణయాలు వేగంగా సాగాయి. 2021 జనవరిలో గలాథియా అభయారణ్య హోదా రద్దుకు జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘం సమ్మతించింది. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. నౌకాశ్రయం, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, పట్టణం కలిపి సుమారు 166 చదరపు కిలోమీటర్లు. అందులో 130 చదరపు కిలోమీటర్లు అటవీ భూమి. ప్రభుత్వ వాదన తేలికగా తోసిపుచ్చదగినది కాదు. మలక్కా జలసంధికి చేరువలోని ఈ అఖాతంలో పెద్ద నౌకలకు చాలినంత లోతు ఉంది. భారత సరుకులో ఎంతో భాగం నేడు కొలంబో, సింగపూర్ రేవులలో నౌకలు మారుతోంది.

చిక్కు నష్టాన్ని లెక్కించే తీరులో ఉంది. సుమారు 9.64 లక్షల చెట్లు ప్రభావితం కావచ్చునని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. చెట్టును చుట్టుకొలతతో లెక్కించే పద్ధతిలో పొదకు చోటు లేదు. 2019 తీర ప్రాంత నియంత్రణ ప్రకటన కూడా మడ అడవులను, ఇసుక దిబ్బలను, తాబేళ్లు, పక్షులు గుడ్లు పెట్టే చోట్లను పేర్కొన్నదే గాని, దిబ్బను కట్టే మొక్కను పేర్కొనలేదు. ప్రత్యామ్నాయ వనీకరణకు హర్యానా భూములను ఎంచుకోవడం ఈ ధోరణికి పరాకాష్ఠ. సముద్రమే లేని రాష్ట్రంలో తీరపు అడవికి బదులు ఎలా నాటుతారో!

పోనీ, ఇదే పొదను మరో తీరంలో నాటితే చాలదా? ఫ్లోరిడాలో అలంకారానికి, తీర రక్షణకు తెచ్చి నాటిన నౌపాక అక్కడి స్థానిక స్కేవోలా జాతిని నెట్టివేసి, ఇప్పుడు పీకివేయవలసిన మొక్కగా మారింది. దాని మేలు దాని చోటును బట్టే.

మెగాపోడ్ కోసం మెంచల్ దీవిని, తాబేలు కోసం లిటిల్ నికోబార్‌ను సంరక్షణ కేంద్రాలుగా ప్రతిపాదించారు. గలాథియాలో యంత్రాలు దిగకముందే అలల గీత నుంచి అడవి వరకు ఉన్న పొదల పట్టీని మీటరు మీటరుగా సర్వే చేసి, ఫలితాలను ప్రజల ముందుంచడం ఇప్పటికైనా చేయదగిన పని.