మన దస్తర్ఖాన్‌పై మైనారిటీ ఎవరు?

హక్కుల గురించి రాసే పత్రికలో విందు వంటకాల ప్రస్తావన ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. సంఖ్యలో తక్కువైనవారిని ఒక సమాజం ఎలా చూస్తుందో న్యాయస్థానాలకన్నా ముందు భోజనాల దగ్గరే తెలుస్తుందన్నది నా అనుభవం.

కొన్నేళ్ల క్రితం మా ఇంట పదిమందిని విందుకు పిలిచాను. తొమ్మిదిమంది మాంసాహారులు, ఒక్కరు శాకాహారి. గోష్త్ బిర్యానీ, తలావా గోష్త్, దాల్చా వడ్డించాం. దాల్చాలోనూ మాంసమే. "పైపైన అన్నం తీసుకోండి, అక్కడ ముక్కలు ఉండవు" అని ఆయనతో అన్నాను. ఆయన నవ్వి, కాస్త ఖుబానీ కా మీఠా తిని వెళ్లారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అద్దె ఇంటి కోసం తిరిగిన రోజుల్లో "మీరు మాంసం వండుతారా?" అని అడిగి తలుపు వేసుకున్న యజమాని గుర్తొచ్చాడు. మీ తిండికి ఇక్కడ చోటు లేదని అతడు మాటతో చెప్పాడు. నేను వడ్డనతో చెప్పాను.

ఇబ్రాహీమ్ (అ) వృత్తాంతం మనకు తెలిసిందే. అతిథుల ముందు కాల్చిన దూడ మాంసం ఉంచినప్పుడు, వారి చేతులు దానివైపు సాగకపోవడం చూసి ఆయన మనసు కలవరపడింది. ఆతిథేయుని చూపు అతిథి చేతిపై ఉండాలి. ఆ రోజు నా చూపు బిర్యానీ దేగ్చాపై ఉంది.

2014 నాటి నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులే. బయట ఆ శాకాహారి ఏ వర్గానికి చెందినవారైనా, మన దస్తర్ఖాన్ దగ్గర మైనారిటీ ఆయనే.

"మన తిండి పేరిట మనుషుల ప్రాణాలు తీస్తున్న కాలంలో సర్దుకోవలసింది కూడా మనమేనా?" అని కొందరు మిత్రులు అడుగుతారు. 2015లో దాద్రీలో జరిగిన ఘోరాన్ని మరువని వారెవరికైనా ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆజ్ఞ వేరు, మర్యాద వేరు. ఎవరేమి తింటారన్నది వారి వ్యక్తిగత విషయమనీ, అది 21వ అధికరణంలో ఇమిడిన గోప్యతా హక్కులో భాగమనీ 2008లో హింసా విరోధక్ సంఘ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పు పర్యూషణ పర్వదినాలలో అహ్మదాబాదు కబేళాలను తొమ్మిది రోజులు మూసివేయడాన్ని సమర్థించింది. ఈ రెండో అంశాన్ని మనం విమర్శించవచ్చు, అది ఆజ్ఞకు సంబంధించినది. మొదటి అంశం మాత్రం మన పళ్లేనికి ఎంత వర్తిస్తుందో, మన అతిథి పళ్లేనికీ అంతే వర్తిస్తుంది.

ఇక ఆచరణ. పిలిచేటప్పుడే అడగడం మేలు. మాంసం తినేవారే కార్తీక మాసంలోనో, శనివారాల్లోనో, అయ్యప్ప దీక్షలోనో మానేయవచ్చు. కొందరు శాకాహారులు గుడ్డు తింటారు, కొందరు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. వంటకాల పట్టికను శాకాహారంతో మొదలుపెట్టాలి. బగారా అన్నం, బగారా బైంగన్, మిర్చీ కా సాలన్, మాంసం లేని సొరకాయ దాల్చా అందరికీ చేసి, ఒకటి రెండు మాంసపు కూరలు అదనంగా చేర్చితే చాలు. ఇవన్నీ మన వంటింటి సొంత రుచులే. అతిథి కోసం ఎక్కడి నుంచో పనీర్ తెప్పించి, ఆయనను ఒక మూల కూర్చోబెట్టనక్కరలేదు. మాంసాహారులూ వీటిని ఇష్టంగా తింటారు కనుక అందరికీ సరిపడా వండాలి. లేకుంటే శాకాహారి వంతు వచ్చేసరికి గిన్నె ఖాళీ అవుతుంది.

శాకాహారం ముందు వండి మూతపెట్టి, ఆ తర్వాతే మాంసం కడగాలి. గరిటెలు వేరు, వేయించే నూనె వేరు. అన్నంలో యఖ్నీ పోసి, ముక్కలు లేవు కదా అనడం మోసం. జెలటిన్ కలిసిందేమోనని మనం మిఠాయి పొట్లాల వెనుక చిన్న అక్షరాలు వెతికి చదువుతాం. ఆయనా అదే పదార్థం కోసం అవే అక్షరాలు చదువుతారు. ఆ జాగ్రత్త విలువ మనకు ఒకరు చెప్పాలా?

నిరుడు ఆ మిత్రుణ్ని మళ్లీ పిలిచాను. ఆయన బగారా బైంగన్ రెండోసారి అడిగి వేయించుకున్నారు. పక్కనే నా తమ్ముడు గోష్త్ తింటున్నాడు. ఇద్దరి మధ్యా ఒకే దస్తర్ఖాన్. దేశం నుంచి మనం కోరుకుంటున్నది ఇంతే. మనం కోరేదాన్ని ముందుగా మన ఇంట వడ్డిద్దాం.