ఖాళీగానే ఉన్నావు కదా!

ఈ మధ్య నేను ఎక్కువసార్లు విన్న మాట ఇది. ప్రాజెక్టు గడువు ముగిసింది, దాంతో నా ఉద్యోగమూ ముగిసింది. వారం తిరగకుండానే ఫోన్లు మొదలయ్యాయి. "ఖాళీగానే ఉన్నావు కదా, అత్తయ్యగారిని కళ్ల డాక్టరుకి చూపించకూడదూ?" "ఖాళీగానే ఉన్నావు కదా, పిల్లకి కాస్త లెక్కలు చెప్పకూడదూ?" ప్లంబరు ఎప్పుడొస్తాడో, పక్క ఫ్లాటు వాళ్ల పార్శిల్ ఎవరు తీసుకోవాలో అన్నీ నా లెక్కలోకే వచ్చాయి. కిందటేడు మా మరిది ఒక ఉద్యోగం వదిలి ఇంకొకటి వెతుక్కుంటూ రెండు నెలలు ఇంట్లో ఉన్నాడు. అతనితో ఎవరూ ఈ మాట అనలేదు. "పాపం టెన్షన్‌లో ఉన్నాడు, కదిలించకండి" అన్నారు. మగవాడికి ఉద్యోగం లేకపోతే అది కష్టం. ఆడదానికి లేకపోతే అది తీరిక.

ఇది మా ఇంటి గొడవ మాత్రమే అయితే ఈ పత్రికలో రాయవలసిన పని లేదు. ప్రభుత్వ లెక్కల్లోనూ ఇదే చూపు ఉంది. జాతీయ నమూనా సర్వేల్లో మనిషి చేసే ప్రతి పనికీ ఒక కోడ్ ఉంటుంది. పని లేక వెతుక్కుంటున్న లేదా పనికి సిద్ధంగా ఉన్న వ్యక్తికి 81. ఇంటిపని మాత్రమే చేసే వ్యక్తికి 92. 81 పడితే ఆమె శ్రామికశక్తిలో భాగం, నిరుద్యోగి. 92 పడితే శ్రామికశక్తికే బయట. ఏడాదిలో ఎక్కువ కాలం దేనిలో గడిచిందన్నదాన్ని బట్టి కోడ్ నిర్ణయమవుతుంది. ఉద్యోగానికి దరఖాస్తులు పెట్టుకుంటూనే వండి, వడ్డించి, ముసలివాళ్లకు మందులిచ్చే స్త్రీకి దేనిలో ఎక్కువ కాలం గడిచినట్టు? సర్వేకు వచ్చిన మనిషికి ఇంటి పెద్ద జవాబు చెబితే "మా కోడలు ఇంట్లోనే ఉంటుందండీ" అంటారు. ఆ ఒక్క మాటతో 81 కాస్తా 92 అయిపోవచ్చు.

2019లో జరిగిన కాలవినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసిన స్త్రీలు దానిపై రోజుకు సగటున 299 నిమిషాలు గడిపారని తేలింది. ఆ పని చేశామన్న మగవాళ్లు గడిపింది 97 నిమిషాలు. దాదాపు అయిదు గంటల చాకిరీ చేసే మనిషిని "ఖాళీగా ఉంది" అనగలగడం మన భాష చేసే మాయ.

ఇంట్లో ఉండలేక బయటికి వెళదామంటే ఎక్కడికి? ఉద్యోగం లేని మగవాడికి ఇరానీ హోటల్ ఉంది. ఒక చాయ్ పెట్టుకుని గంటసేపు కూర్చున్నా ఎందుకని అడగరు. అదే బల్ల దగ్గర నేను పావుగంట ఒంటరిగా కూర్చుంటే పది కళ్లు లెక్క పెడతాయి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. జీతం ఆగిపోయిన నెలల్లో ఆ జీరో టికెట్ విలువ ఏమిటో నాకు తెలిసొచ్చింది. అలా చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ పోటీపరీక్షలకు చదువుకునే అమ్మాయిలతో మాటలు కలిశాయి. "ఈ ఒక్క ఏడాదే మేడం, తర్వాత పెళ్లి చేసేస్తామన్నారు" అని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. పక్క బల్ల మీద చదువుతున్న అబ్బాయిల్లో అయిదో ప్రయత్నం చేస్తున్నవాళ్లూ ఉన్నారు. నిరుద్యోగిగా ఉండే హక్కు కూడా ఆడపిల్లకు గడువు పెట్టి ఇస్తున్నారు.

ఇంతవరకూ నా బాధ చెప్పాను. ఇప్పుడు నా తప్పు చెప్పాలి. నా జీతం ఆగిన నెలలోనే మా ఇంట్లో "ఇంకా పనిమనిషి ఎందుకు?" అన్న ప్రశ్న వచ్చింది. నేను వాదించాను గానీ గట్టిగా కాదు. చివరికి ఆమెను అంట్లకు మాత్రమే ఉంచి, ఇల్లు తుడవడం, బట్టలు మాన్పించాం. ఆమె జీతం సగానికి పడింది. ముందుగా చెప్పలేదు, ఒక నెల జీతం అదనంగా ఇవ్వలేదు. నా కాంట్రాక్టు పొడిగించలేమని నెలాఖరులో చెప్పిన సంస్థను నేను తిట్టుకుంటున్నాను కదా, నేను చేసింది ఏమిటి? ఇంటిపనివారి హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక తెచ్చింది. భారతదేశం దాన్ని ఆమోదించలేదని మనం సభల్లో చెబుతూనే ఉంటాం. ఆ ఒడంబడిక నా వంటింటి గుమ్మం కూడా దాటలేదు.

మన సంస్థల సంగతీ మాట్లాడుకోవాలి. స్త్రీల హక్కుల కోసం పనిచేసే చోట స్త్రీలు పదకొండు నెలల కాంట్రాక్టుల మీద, "కన్సల్టెంటు" అన్న పేరుతో, "గౌరవ వేతనం" మీద పనిచేస్తున్నారు. నిధులు ఆగితే ముందు పోయేది క్షేత్రస్థాయి కార్యకర్తే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ నిర్ణీతకాల ఉద్యోగులకు ఏడాది సర్వీసుతోనే గ్రాట్యుటీ ఇవ్వాలంటోంది. కానీ కాగితం మీద ఉద్యోగి అన్న మాటే లేకపోతే ఆ కోడ్ ఎవరికి పనికొస్తుంది? మనం ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం అనేవాళ్లకు ఒక విషయం గుర్తు చేయాలి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, గౌరవ వేతనంపై పనిచేసే అంగన్‌వాడీ కార్యకర్తలకు, సహాయకులకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. పేరు ఏదైనా పని పనే.

నిధులిచ్చేవారి చేతుల్లో మన సంస్థల మెడలు ఉన్నాయని నాకు తెలుసు. అయినా మూడు పనులు మన చేతిలోనే ఉన్నాయి. ప్రాజెక్టు బడ్జెట్ రాసేటప్పుడే ముగింపు తర్వాత రెండు నెలల జీతం అందులో చేర్చడం. గడువు ముగియడానికి మూడు నెలల ముందే రాతపూర్వకంగా తెలియజేయడం. ఉద్యోగిని ఉద్యోగి అనే రాయడం. ఇళ్లలోనూ ఇదే నియమం మన దగ్గర పనిచేసేవారికి వర్తించాలి.

నా వరకు నేను మొదలుపెట్టాను. మానిపించిన పనికి ఒక నెల జీతం ఆమె చేతిలో పెట్టాను. "మీకే ఉద్యోగం లేదు కదమ్మా" అంది. లేదు. ఆమెకు సగం ఉద్యోగం లేదన్న సంగతి మాత్రం మా ఇంట్లో అంతవరకూ ఎవరికీ తోచలేదు.