కంచే చేను మేస్తే

మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా కణాలను స్పెయిన్ శాస్త్రవేత్త రియో ఒర్తేగా 1919లోనే గుర్తించాడు. చెత్త ఊడ్చే కణాలే కదా అని చాలాకాలం వాటిని పెద్దగా లెక్కచేయలేదు. బోస్టన్‌లో నాడీ శాస్త్రవేత్త బెత్ స్టీవెన్స్ లెక్కచేశారు. ఎదిగే మెదడులో అనవసరపు నాడీ సంధులను కత్తిరించే ఈ కణాలే, అల్జీమర్స్ ఎలుకల్లో అమిలాయిడ్ ప్రొటీన్ గడ్డలు కట్టకముందే పనికొచ్చే సంధులనూ మింగేస్తున్నాయని ఆమె బృందం 2016లో చూపింది. మింగమని గుర్తు వేసేది సీ1క్యూ అనే రోగనిరోధక ప్రొటీన్; దాన్ని అడ్డుకుంటే నష్టం తగ్గింది. ఎలుకల్లో సుమా! మన దగ్గర అప్పుడే, ఈ కణాలు రెచ్చిపోతే వచ్చే ‘మెదడు ఇన్‌ఫ్లమేషన్‌’కు పసుపు మాత్రలు అమ్మేవాళ్లు తయారు. కావలివాణ్ని పూర్తిగా నిద్రపుచ్చితే ఇన్ఫెక్షన్‌ను ఆపేదెవరు? నాన్నగారికి మతిమరుపు మొదలైతే ఆ సీసాలు కొనకండి, ముందు న్యూరాలజిస్టుకు చూపించండి.