రెండు పాస్‌వర్డ్‌లు మారాకే రౌటర్ బిగించినట్లు

పుదుచ్చేరిలో కొత్తగా ఫైబర్ కనెక్షన్ తీసుకున్న ఇంట్లో తంతు దాదాపు ఒకేలా ఉంటుంది. వీధిలోని స్తంభం నుంచి సన్నని తీగ కిటికీ గుండా లోపలికి వస్తుంది. గోడకు రెండు మేకులు, వాటికి ఒక డబ్బా, దాని మీద పచ్చ దీపాలు. ‘పాస్‌వర్డ్ మీ ఫోన్ నంబరే పెట్టేయనా?’ అని బిగించడానికి వచ్చిన కుర్రాడు అడుగుతాడు. గుర్తుండటానికి సులువు కదా అని ఇంటివారు సరేనంటారు. ఫోన్‌లో ఒక వీడియో ఆడించి చూపిస్తాడు. సంతకం అయిపోతుంది. పని పూర్తయిందని ఇద్దరూ అనుకుంటారు.

నిజానికి పని సగమే అయింది. మిగిలిన సగానికి పట్టేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఎవరి బాధ్యతో తేల్చకుండా వదిలేయడమే మన ఇళ్లలోని బ్రాడ్‌బ్యాండ్‌కు ఉన్న పెద్ద లోపం.

రెండు తాళాలు

రౌటర్‌కు పాస్‌వర్డ్ ఒకటే అని చాలామంది అనుకుంటారు. ఉండేవి రెండు. మొదటిది వైఫై పాస్‌వర్డ్. ఇంట్లోని ఫోన్లు, టీవీ, కెమెరా దీంతోనే నెట్‌వర్క్‌లో చేరతాయి. రెండోది రౌటర్ సెట్టింగుల పాస్‌వర్డ్. బ్రౌజర్‌లో 192.168.1.1 వంటి చిరునామా కొడితే వచ్చే పేజీని తెరిచేది ఇదే. చిరునామా ఏమిటన్నది సాధారణంగా డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది.

రెండింటిలో ప్రమాదకరమైనది రెండోదే. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు చాలా రౌటర్లలో పేరు ‘అడ్మిన్’, పాస్‌వర్డ్ కూడా ‘అడ్మిన్’. ఆ పేజీలోకి వెళ్లినవాడు వైఫై పాస్‌వర్డ్‌ను చూడగలడు, మార్చగలడు. అంతకంటే ముఖ్యంగా, ఇంటర్నెట్‌లో ఏ పేరు కొడితే ఏ చిరునామాకు వెళ్లాలో చెప్పే డీఎన్ఎస్ అమరికను మార్చగలడు. అప్పుడు ఇంటివారు బ్యాంకు పేరు సరిగ్గానే కొట్టినా, అచ్చం బ్యాంకు పేజీలా ఉండే మరో చోటు తెరుచుకుంటుంది. ఇది ఊహ కాదు. బ్రెజిల్‌లో 2011లో సుమారు 45 లక్షల మోడెముల్లో దొంగలు చేసింది ఇదే. వాటి సాఫ్ట్‌వేర్‌లోని లోపం గుండా చొరబడి, డీఎన్ఎస్ మార్చి, జనాన్ని నకిలీ బ్యాంకు పేజీలకు మళ్లించారు.

ఫోన్ నంబరు ఎంతసేపు ఆగుతుంది?

ఇక మొదటి తాళం. ఫోన్ నంబరులో పది అంకెలు ఉన్నాయి కాబట్టి గట్టి పాస్‌వర్డే అనిపిస్తుంది. లెక్క వేస్తే సంగతి తేలుతుంది. భారతదేశంలో మొబైల్ నంబరు 6, 7, 8, 9 అంకెల్లో ఒకదానితో మొదలవుతుంది. మిగిలిన తొమ్మిది స్థానాల్లో ఏ అంకె అయినా రావచ్చు. అంటే మొత్తం 400 కోట్ల అవకాశాలు.

ఇప్పుడు ఎక్కువ ఇళ్లలో ఉన్న డబ్ల్యూపీఏ2 పద్ధతిలో, ఫోన్ వైఫైలో చేరే ప్రతిసారీ ఫోన్, రౌటర్ నాలుగు చిన్న సందేశాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. పాస్‌వర్డ్ నేరుగా గాలిలోకి వెళ్లదు. కానీ ఆ సందేశాలను దగ్గర్లో ఉన్న ఎవరైనా రికార్డు చేసుకుని ఇంటికి తీసుకుపోయి, ఒక్కొక్క పాస్‌వర్డ్‌తో సరిపోల్చి చూడవచ్చు. తప్పు ప్రయత్నాలు ఎన్ని జరిగినా రౌటర్‌కు తెలియదు. ఒక్కో ప్రయత్నం కావాలనే నిదానంగా సాగేలా ఈ పద్ధతిలో ఒకే లెక్కను 4,096 సార్లు చేయిస్తారు. అయినా వీడియో గేముల కోసం అమ్మే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి సెకనుకు పది లక్షలకు పైగా పాస్‌వర్డ్‌లను పరీక్షించగలదు. సెకనుకు పది లక్షలే అనుకున్నా, 400 కోట్లకు 4,000 సెకన్లు. అంటే గంటా ఏడు నిమిషాలు.

చాలాచోట్ల ఆ లెక్క కూడా అక్కర్లేదు. ఇంటి ముందు వేలాడే ‘టు లెట్’ బోర్డు మీద ఫోన్ నంబరు ఉండనే ఉంటుంది.

దీనికి మందు కూడా లెక్కలోనే ఉంది. అయిదు వేల మామూలు మాటల జాబితా నుంచి చీట్లు తీసినట్లు యాదృచ్ఛికంగా నాలుగు మాటలు ఎంచుకుంటే, పైన చెప్పిన వేగంతోనే అన్నింటినీ పరీక్షించడానికి సుమారు 20 ఏళ్లు పడుతుంది. అయిదో మాట చేరిస్తే దాదాపు లక్ష ఏళ్లు. జల్లెడ, తెరచాప, మేనత్త, ఇస్త్రీ, గుమ్మడి అన్నట్లు పొంతన లేని తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటే ఇంటిల్లిపాదికీ గుర్తుంటాయి. అచ్చులో వచ్చిన మాటలు, సామెతలు, పాటల పల్లవులు మాత్రం పనికిరావు. తెలిసిన వరుసనే యంత్రం ముందుగా పరీక్షిస్తుంది. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 పద్ధతిలో ఇలా రికార్డు చేసి తీరిగ్గా ఊహించే దారినే మూసేశారు. రౌటర్‌లో ఆ సదుపాయం ఉంటే దాన్నే ఎంచుకోవాలి.

పక్కనే మరో దొడ్డిదారి ఉంది. పేరు డబ్ల్యూపీఎస్. పాస్‌వర్డ్ కొట్టే శ్రమ లేకుండా ఎనిమిది అంకెల పిన్‌తో పరికరాలను కలిపే సదుపాయం ఇది. చివరి అంకె మిగిలిన వాటిని సరిచూసుకోవడానికే కాబట్టి అవకాశాలు కోటి ఉండాలి. కానీ రౌటర్ మొదటి నాలుగు అంకెలను, తర్వాతి మూడు అంకెలను విడివిడిగా సరిచూస్తుంది. దాంతో కోటి కాస్తా పది వేలు, ఒక వెయ్యి కలిపి 11,000కు పడిపోయింది. 2011 చివర్లో ఈ లోపం బయటపడింది. తాళం ఎంత గట్టిదైనా దొడ్డి తలుపు తీసి ఉంటే ఏం లాభం? డబ్ల్యూపీఎస్‌ను ఆపేయడమే మంచిది.

వీధిలోకి పొంగే తరంగాలు

పుదుచ్చేరి ఊరి కట్టుబడికీ ఈ విషయానికీ సంబంధం ఉంది. కాలువకు తూర్పున ఫ్రెంచి వారి కాలం నాటి ఇళ్లు, పడమట మన మండువా లోగిళ్లను తలపించే తమిళ ఇళ్లు. రెండింటిలోనూ గోడలు మందం, వీధి మీదికే కిటికీలు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 6 సెంటీమీటర్లు. మందపాటి ఇటుక గోడ రెండింటినీ పీల్చుకుంటుంది. 5 గిగాహెర్ట్జ్‌కు ఆ దెబ్బ మరింత ఎక్కువ. తీగ వచ్చే వీధి గదిలోనే రౌటర్ బిగిస్తే, మూడు గోడల అవతల ఉన్న పడగ్గదికి సిగ్నల్ అందదు. ఒక్క కిటికీ అవతల ఉన్న వీధికి మాత్రం బ్రహ్మాండంగా అందుతుంది.

రౌటర్ ఇంటి నడుమ, కాస్త ఎత్తులో, ఇనుప బీరువాకూ నీళ్ల తొట్టెకూ దూరంగా ఉండాలి. మండువా దగ్గర పెడితే నాలుగు వైపుల గదులకూ అందుతుంది. ఇది వేగం కోసం. భద్రతను మాత్రం దూరానికి వదిలేయకూడదు. మంచి యాంటెన్నా ఉన్నవాడికి బలహీనమైన సిగ్నల్ కూడా చాలు. నెట్‌వర్క్ పేరు కనిపించకుండా దాచినా ఫలితం పెద్దగా ఉండదు. ఇంటి ఫోన్లే ఆ పేరును గాలిలో వెతుక్కుంటూ బయటపెట్టేస్తాయి.

ఈ ఊరికి ఇంకో ప్రత్యేకత ఉంది. వారాంతం వస్తే చెన్నై, బెంగళూరుల నుంచి వచ్చేవారితో వైట్ టౌన్ వీధులు నిండిపోతాయి. ఎన్నో ఇళ్లు హోమ్‌స్టేలయ్యాయి. వైఫై పాస్‌వర్డ్ గది గోడ మీద అతికించి ఉంటుంది. ఒకసారి బస చేసినవారి ఫోన్‌లో అది ఉండిపోతుంది. ఆ నెట్‌వర్క్‌లోనే ఇంటివారి ల్యాప్‌టాప్, ప్రింటర్, గుమ్మంలోని కెమెరా కూడా ఉంటాయి. అద్దె ఇళ్లదీ ఇదే కథ. చదువుల కోసం యానాం నుంచి వచ్చి అద్దెకు దిగిన కుటుంబానికి, అంతకుముందు ఉండి వెళ్లినవారి పాస్‌వర్డ్‌తోనే రౌటర్ దక్కుతుంది. అద్దెకు దిగేవారు రౌటర్‌ను రీసెట్ చేసి మొదటి నుంచి అమర్చుకోవాలి. హోమ్‌స్టే వారు గెస్ట్ నెట్‌వర్క్ తెరవాలి. ఆ సదుపాయం ఇప్పటి రౌటర్లలో చాలావాటికి ఉంది. అతిథులకు ఇంటర్నెట్ అందుతుంది, ఇంటి పరికరాలు మాత్రం వారికి కనిపించవు.

దోమల పాఠం

‘మా ఇంట్లో దాచుకోవాల్సినంత రహస్యాలేమున్నాయి?’ అనే ప్రశ్న తరచూ వినిపిస్తుంది. దానికి జవాబు ఇంటి లోపల కాదు, బయట ఉంది.

2016లో మిరాయ్ అనే హానికర సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతటా రౌటర్లు, కెమెరాలు, వీడియో రికార్డర్లను వెతికింది. దాని దగ్గర గొప్ప విద్య ఏమీ లేదు. ఫ్యాక్టరీలు పెట్టే అరవై చిల్లర పేర్లు, పాస్‌వర్డ్‌ల జాబితా ఉంది, అంతే. వాటితో తెరుచుకున్న పరికరాలన్నింటినీ ఒక సేనగా మార్చి, ఆ ఏడాది అక్టోబర్ 21న అమెరికాలోని డిన్ అనే డీఎన్ఎస్ సంస్థ మీదికి ఉసిగొల్పారు. ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి ఎంతోమందికి గంటల తరబడి అందలేదు. ఆ పరికరాల యజమానుల్లో చాలామందికి ఏమీ తెలియలేదు. వాళ్ల ఇంటర్నెట్ మామూలుగానే పనిచేసింది.

మరుసటి ఏడాది దెబ్బ మన దేశం మీదే పడింది. 2017 జులైలో బీఎస్ఎన్ఎల్, ఎంటీఎన్ఎల్ ఖాతాదారుల మోడెములు 60 వేలకు పైగా పనిచేయకుండా పోయినట్లు వార్తలు వచ్చాయి. దెబ్బతిన్నవి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని మోడెములు. పాస్‌వర్డ్‌లు మార్చుకోవాలని బీఎస్ఎన్ఎల్ అప్పుడు ఖాతాదారులను కోరింది.

అంతకుముందే 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతికిన పోలీసులు, నవీ ముంబయిలోని ఒక అమెరికన్ ఇంటికి చేరారు. అతనికి ఆ ఈమెయిల్‌తో సంబంధం లేదు. తాళం లేని అతని వైఫైని ఎవరో వాడుకున్నారు. ఇంటర్నెట్‌లో బయటివారికి కనిపించేది రౌటర్ చిరునామా. ఆ చిరునామా వెనుక ఎవరి వేళ్లు ఉన్నాయో అది చెప్పదు. ఆ తర్వాతే, 2009లో, వైఫైలను భద్రపరచాలని టెలికాం శాఖ ఇంటర్నెట్ కంపెనీలను ఆదేశించింది.

పుదుచ్చేరి వాసులకు ఈ సంగతి అర్థం కావడం కష్టం కాదు. దోమలు మోసుకొచ్చే జబ్బుల మీద పరిశోధించే ఐసీఎంఆర్ సంస్థ వెక్టర్ కంట్రోల్ రిసెర్చ్ సెంటర్ 1975 నుంచి ఈ ఊళ్లోనే ఉంది. పెరట్లో మూత లేని తొట్టెను ఎవరూ ఆ ఇంటి సొంత విషయం అనరు. అక్కడ పుట్టిన దోమ పక్కింట్లోనూ కుడుతుంది. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తో ఉన్న రౌటర్ కూడా అలాంటి తొట్టే.

ఎవరి పని?

ఇప్పటివరకూ ఈ భారాన్ని ఇంటివారి మీదే వేస్తూ వచ్చారు. సూచనలు వెలువడతాయి, ఎవరూ చదవరు. సెట్టింగుల పేజీ ఇంగ్లిష్‌లో, సాంకేతిక పదాలతో నిండి ఉంటుంది. అరవై ఏళ్ల విశ్రాంత ఉద్యోగిని డబ్ల్యూపీఎస్ ఆపుకోమనడం, కరెంటు కనెక్షన్ ఇచ్చి ఎర్త్ తీగ నువ్వే పాతుకో అన్నట్లుంటుంది. ఎర్త్ లేని కనెక్షన్‌ను పూర్తయిందని ఎవరూ అనరు. రౌటర్‌కూ అదే నియమం ఉండాలి.

ఇతర దేశాలు ఈ దిశగా కదిలాయి. అన్ని పరికరాలకూ ఒకే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ పెట్టడాన్ని కాలిఫోర్నియా 2020 జనవరి 1 నుంచి, బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టంతో ఆపాయి. భద్రతా అప్‌డేట్లు ఎంతకాలం ఇస్తారో తయారీదారు ముందే చెప్పాలని కూడా బ్రిటన్ చట్టం కోరుతుంది. మన దగ్గర టెలికాం శాఖ కింద బెంగళూరులో ఉన్న జాతీయ కమ్యూనికేషన్ భద్రతా కేంద్రం ఇళ్లలో వాడే వైఫై పరికరాలకు భద్రతా ప్రమాణాలు రూపొందించింది. మంచిదే. కానీ అవి ఇకపై అమ్మే డబ్బాల సంగతి చూస్తాయి. ఇప్పటికే గోడలకు వేలాడుతున్న వాటి మాటేమిటి? డబ్బా ఎంత మంచిదైనా, పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబరు పెట్టే చేతిని ఏ ప్రమాణం ఆపుతుంది?

ఆపగలిగేది బిగించే పనికి ఇచ్చే నిర్వచనమే. సెట్టింగుల పాస్‌వర్డ్, వైఫై పాస్‌వర్డ్ రెండూ ఖాతాదారు ఎదుటే మార్చాలి. డబ్ల్యూపీఎస్‌ను, ఇంటి బయటి నుంచి సెట్టింగుల పేజీ తెరిచే సదుపాయాన్ని ఆపాలి. అప్‌డేట్లు వాటంతట అవే వచ్చేలా పెట్టాలి. గెస్ట్ నెట్‌వర్క్ చూపించాలి. ఇవన్నీ రాసిన ఒక కార్డు మీద ఇద్దరూ సంతకం చేశాకే కంపెనీ ఆ పనిని పూర్తయినట్లు నమోదు చేసుకోవాలి. బిగించే కుర్రాడికి ఇంటికింత అని కూలి కడతారు కాబట్టి, ఆ పది నిమిషాలకూ కూలి కట్టాలి. లేకుంటే అతను మళ్లీ ఫోన్ నంబరే అడుగుతాడు. తప్పు అతనిది కాదు.

పాత కనెక్షన్లకు, మరమ్మతుకు వచ్చిన రోజే ఈ కార్డు నింపవచ్చు. పుదుచ్చేరి చిన్న కేంద్రపాలిత ప్రాంతం. పుదుచ్చేరి, కారైకాల్‌లో తమిళం, యానాంలో తెలుగు, మాహేలో మలయాళం. మూడు భాషల్లో ఒక పేజీ కార్డు అచ్చు వేయించడం పెద్ద ఖర్చు కాదు. చిన్న చోట కుదిరిన పద్ధతిని పెద్ద రాష్ట్రాలు అందుకోవడం తేలిక.

అంతవరకూ ఇంటివారు చేయగలిగింది ఒకటుంది. ‘పాస్‌వర్డ్ మీ ఫోన్ నంబరే పెట్టేయనా?’ అని అడిగినప్పుడు వద్దని చెప్పి, రెండో పాస్‌వర్డ్ కూడా తమ ముందే మార్చమనాలి. సంతకం ఆ తర్వాతే.